ర్యామ్ మార్చాక ల్యాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదా? బోర్డు పోయిందనుకునే ముందు ఇవి చేసి చూడండి

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి గుంటూరు నుంచి మా మేనల్లుడి ఫోన్. బ్రాడీపేటలో రూమ్ తీసుకుని చదువుకుంటున్నాడు. "మావయ్యా, కొంప మునిగింది, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ వేశా, స్క్రీన్ రావట్లేదు, అమ్మకి మాత్రం చెప్పమాక" అని ఒకటే గోల. వాడి దాంట్లో ముందునుంచీ 8 జీబీ ఉంది, ఇంకో 8 జీబీ కొని పక్క స్లాట్‌లో పెట్టాడు, బటన్ నొక్కితే లైట్ వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. సరే నాకు ఫోన్ చేసేలోపు ఏం చేశావురా అంటే, తీసి మళ్ళీ పెట్టా, రెండూ అటూ ఇటూ మార్చా, బ్యాటరీ పీకా, ఎవరో వీడియోలో చెప్పారని ఏవో రెండు కీలు కలిపి నొక్కా, హార్డ్ డిస్క్ కూడా ఒకసారి తీసి పెట్టా అన్నాడు. అంటే రెండు గంటల్లో ఐదు మార్పులు చేశాడు, ఏ మార్పుకి ఏమైందో వాడికే తెలీదు.

నేను విజయవాడలో చుట్టాలవీ స్నేహితులవీ కంప్యూటర్లు ఊరికే బాగుచేసి పెట్టే బాపతు, షాపు లేదు ఏమీ లేదు, కానీ ఈ "ర్యామ్ వేశాక నో డిస్‌ప్లే" కేసు మాత్రం చాలాసార్లు చూశా. చాలావరకు ర్యామూ బానే ఉంటుంది, బోర్డూ (అంటే మదర్‌బోర్డు) బానే ఉంటుంది, మనం కూర్చోబెట్టడంలోనో కొనడంలోనో తేడా ఉంటుంది అంతే. అది ఎక్కడుందో తెలియాలంటే ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఆన్ చేసి, ఏమైందో చూసుకుని, అప్పుడు రెండోది చెయ్యాలి. ఒక కాగితం పెన్ను పక్కన పెట్టుకోండి, నిజంగానే చెప్తున్నా, ఏం చేశారో రాసుకోండి.

ముందు పాతది ఒక్కటే పెట్టి చూడండి

కంగారు పడకుండా ల్యాప్‌టాప్ ఆపేసి, చార్జర్ తీసేసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి (ఎలాగో కింద చెప్తా), కొత్త ర్యామ్ పీకేసి, పాతది అది ఉన్న పాత స్లాట్‌లోనే పెట్టి, బ్యాటరీ తగిలించి ఆన్ చెయ్యండి. ఆన్ అయిందా, సగం భయం పోయింది, మీ బోర్డు, ప్రాసెసర్, స్క్రీన్ అన్నీ క్షేమం, గొడవంతా కొత్త ర్యామ్‌లోనో రెండో స్లాట్‌లోనో ఉంది. పాతది పెట్టినా ఆన్ అవ్వకపోతే విప్పినప్పుడు ఇంకేదో కదిలింది, లేదా పాతది కూడా సరిగ్గా కూర్చోలేదు. అంతేగానీ పోయిందని అప్పుడే తీర్మానించుకోకండి.

ఇక్కడే ఇంకో సంగతి, ఆన్ అవ్వట్లేదు అనే మాటని జనం నాలుగైదు రకాల జబ్బులకి వాడతారు, అవన్నీ ఒకటి కాదు. బటన్ నొక్కితే అసలు లైటూ లేదు ఫ్యానూ లేదు అంటే అది ర్యామ్ గొడవ కాకపోవచ్చు, బ్యాటరీ కనెక్టరో పవర్ బటన్ రిబ్బనో ఊడి ఉంటుంది, అటు చూడండి. లైటు ఉండి ఫ్యాన్ తిరిగి స్క్రీన్ నల్లగా ఉంటే అప్పుడు ర్యామ్‌ని అనుమానించాలి. ఆన్ అయి రెండు మూడు సెకన్లలో ఆగిపోయి మళ్ళీ తనే ఆన్ అవుతూ ఉంటే అది కూడా ఎక్కువగా ర్యామే. కంపెనీ లోగో దాకా వచ్చి, విండోస్ మొదలవ్వగానే నీలం స్క్రీన్ వస్తే ర్యామ్ కనపడుతోంది కానీ లోపల ఎక్కడో తప్పు చదువుతోంది అని, లేదా ఇంకో చిన్న కారణం ఉంటుంది, అది కింద చెప్తా.

విప్పేటప్పుడు

ఇప్పటికే ఒకసారి విప్పారు కాబట్టి నాకు తెలుసులే అనుకుంటారు, అయినా చదవండి.

విండోస్‌లో మామూలుగా షట్ డౌన్ కొడితే అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, సగం నిద్రలాంటిది, పాత మెమరీ పరిస్థితిని కొంత డిస్క్‌లో రాసి పెట్టుకుని తర్వాత అక్కణ్ణుంచి లేస్తుంది. మధ్యలో ర్యామ్ మారిపోతే కొన్నిసార్లు లేచేటప్పుడు తికమకపడి నీలం స్క్రీన్ చూపిస్తుంది. ఇందాక చెప్తా అన్న చిన్న కారణం ఇదే. అందుకే ర్యామ్ ముట్టుకునే ముందు షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ నొక్కాలి, అప్పుడు నిజంగా ఆగుతుంది. ఇప్పటికే మార్చేసి ఇరుక్కున్నవాళ్ళు పాత ర్యామ్‌తో ఒకసారి లేపి, ఇలా ఆపి, అప్పుడు కొత్తది వెయ్యండి.

చార్జర్ తియ్యడం అందరూ గుర్తుపెట్టుకుంటారు, లోపలి బ్యాటరీని మర్చిపోతారు. ఈమధ్య మోడల్స్‌లో బ్యాటరీ లోపలే ఉంటుంది, కింద మూత తియ్యగానే నల్లగా వెడల్పుగా కనపడేది అదే, దాన్నుంచి బోర్డుకి వచ్చే కనెక్టర్‌ని గోళ్ళతో రెండు పక్కలా పట్టుకుని మెల్లిగా జరిపి ఊడదియ్యాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. బ్యాటరీ తగిలించి ఉండగా ర్యామ్ పీకడం పెట్టడం చేస్తే స్లాట్‌లో కరెంటు ఉండే అవకాశం ఉంది, అప్పుడు నిజంగానే ఏదో ఒకటి పోతుంది.

స్క్రూలకి నేను వాడేది ఇడ్లీ రేకు. నవ్వకండి. ల్యాప్‌టాప్ అడుగున స్క్రూలన్నీ ఒకే పొడుగు ఉండవు, ముందువైపు పొట్టివి, హింజ్ దగ్గర పొడుగువి ఉండటం మామూలే, పొట్టి దాని చోట పొడుగుది బిగిస్తే పైన కీబోర్డు పక్కన ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డుకే గుచ్చుకుంటుంది. రేకులో ఒక్కో గుంటలో ఒక్కో మూలవి వేస్తే కలిసిపోవు. మా ఆవిడ మాత్రం ఆ రేకు మళ్ళీ వంటింట్లోకి రానివ్వనంది, కాబట్టి ఇప్పుడది నాదే. రేకు లేనివాళ్ళు కోడిగుడ్ల అట్ట వాడండి.

మూత ఊడదియ్యడానికి స్టార్ స్క్రూడ్రైవర్ చిన్న సైజుది, పనికిరాని పాత ఏటీఎం కార్డు ఒకటి చాలు, చాకు పెట్టకండి. కార్పెట్ మీద, దుప్పటి మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టుకోండి, ర్యామ్ పట్టుకునే ముందు లోపల ఇనప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లో ఏమైనా స్టాటిక్ ఉంటే అటు పోతుంది. మన బెజవాడ ఉక్కలో స్టాటిక్ కంటే చెమటతోనే ఎక్కువ గొడవ, మే నెలలో వొంగి పనిచేస్తుంటే నుదుటి మీంచి చుక్క సరిగ్గా బోర్డు మీదే పడుతుంది, నాకు పడింది కూడా, అందుకే ఫ్యాన్ కింద కూర్చుని భుజం మీద తువ్వాలు వేసుకుని చేస్తా. భోజనం చేసి వచ్చుంటే సబ్బుతో చెయ్యి కడుక్కుని ఆరాక ముట్టుకోండి, ఆవకాయ నూనె బంగారు పిన్నుల మీద అంటితే కరెంటు దాటదు.

అసలు గుట్టు ఇక్కడుంది, ర్యామ్ కూర్చోవడం

మా వాడికి వీడియో కాల్ పెట్టి కెమెరా స్లాట్ దగ్గరికి తీసుకురమ్మన్నా. చూడగానే తెలిసిపోయింది. రెండు ర్యాములూ పక్కపక్కన ఉన్నాయి, పాతదాని దగ్గర బంగారు రంగు పిన్నులు దాదాపు కనపడట్లేదు, కొత్తదాని దగ్గర మాత్రం ఎడమవైపు సన్నగా, కుడివైపు కాస్త వెడల్పుగా ఒక బంగారు గీత కనపడుతోంది. అంటే ఒక చివర లోపలికి వెళ్ళింది, రెండో చివర వెళ్ళలేదు. ఎడమవైపు క్లిప్పు మాత్రమే మూసుకుంది. వాడేమో "టక్‌మంది కదా మావయ్యా" అంటాడు. టక్‌మంది ఒకవైపే.

ఎలా పెట్టాలంటే, ర్యామ్‌ని బల్లపరుపుగా పెట్టి తొయ్యకూడదు, సుమారు 30 డిగ్రీలు ఏటవాలుగా పట్టుకోవాలి. ర్యామ్ అంచులో ఒక చోట చిన్న కోత ఉంటుంది, సరిగ్గా మధ్యలో కాదు కాస్త పక్కకి, స్లాట్‌లో దానికి సరిపోయే బుడిపె ఉంటుంది, రెండూ కలిస్తేనే లోపలికి వెళ్తుంది, కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. ఆ ఏటవాలులోనే రెండు బొటనవేళ్ళతో రెండు చివర్లా సమానంగా లోపలికి నెట్టాలి, పిన్నులు దాదాపు కనపడకుండా పోయేదాకా. కొత్త స్లాట్ బిగుతుగా ఉంటుంది, ఎప్పుడూ వాడని రెండో స్లాట్ అయితే మరీను, మొదటిసారి మనం అనుకున్నదాని కంటే కాస్త గట్టిగానే నెట్టాల్సి వస్తుంది. పూర్తిగా వెళ్ళింది అని కళ్ళతో చూసుకున్నాకే కిందికి వంచాలి, అప్పుడు రెండు పక్కలా ఇనప క్లిప్పులు టక్ టక్ అని రెండూ పడాలి, పడ్డాక క్లిప్పు కొన ర్యామ్ పక్కనున్న అర్ధచంద్రాకారపు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో ఫోన్ టార్చ్ వేసి చూడండి. చాలామంది చేసే తప్పు ఏంటంటే సగం నెట్టి వంచేస్తారు, క్లిప్పు పడుతుంది కాబట్టి అయిపోయిందనుకుంటారు.

తియ్యాలంటే రెండు క్లిప్పుల్నీ ఒకేసారి బయటికి జరపండి, ర్యామ్ దానంతటదే పైకి లేస్తుంది, అంచులు పట్టుకుని అదే ఏటవాలులో లాగండి.

పాత ల్యాప్‌టాప్ అయితే పిన్నుల మీద మసక పొర ఉంటుంది. మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లిగా నాలుగుసార్లు రుద్ది పొడి ఊదేస్తే చాలు, ఇంకు చెరిపే గరుకు రబ్బరు వాడితే బంగారు పూత లేచిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే ఇంకా మంచిది, శుభ్రమైన గుడ్డకి కాస్త తడి చేసి తుడిచి ఆరనివ్వండి. పర్ఫ్యూమ్, శానిటైజర్ లాంటివి వద్దు. స్లాట్ లోపలికి మాత్రం దూది పుల్లలు గుచ్చకండి, దాని పిన్నులు స్ప్రింగులా సన్నగా ఉంటాయి, ఒకటి వంగిందంటే అప్పుడు నిజంగా షాపుకే.

మా వాడు మళ్ళీ తీసి, ఈసారి గట్టిగా నెట్టి, రెండు టక్‌లూ వినిపించాక బటన్ నొక్కాడు. ఏమీ రాలేదు. అసలు లైటే వెలగలేదు. "ఇప్పుడు పూర్తిగా పోయింది మావయ్యా" అని ఏడుపు గొంతు.

చార్జర్ పెట్టి చూడరా అన్నా.

బ్యాటరీ ఊడదీసి మళ్ళీ తగిలించాక కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్ పెట్టేదాకా బటన్‌కి పలకవు, వాటి పద్ధతే అంత. చార్జర్ గుచ్చి ఒక నిమిషం ఉంచి అప్పుడు బటన్ నొక్కాలి. ఇది తెలీక ఎంతమంది రాత్రికి రాత్రి షాపులు వెతుక్కుంటారో. మా వాడిది కూడా చార్జర్ పెట్టగానే లైటు వచ్చింది.

మిగిలిన కరెంటు దించడం, ఆ తర్వాత ఆగడం

ర్యామ్ సరిగ్గా కూర్చున్నా నల్ల స్క్రీనే ఉంటే, చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోతుంది, పాత లెక్కలు పట్టుకుని ఇరుక్కుపోయిన కంట్రోలర్ మళ్ళీ మొదట్నుంచి మొదలెడుతుంది. తర్వాత బ్యాటరీ, చార్జర్ పెట్టి ఆన్ చెయ్యండి. కొన్ని బిజినెస్ మోడల్స్‌కి ఇలా విప్పకుండానే అడుగున పిన్ను పట్టేంత చిన్న రీసెట్ కన్నం ఉంటుంది, థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి ఉంది, చార్జర్ తీసేసి పేపర్ క్లిప్ తిన్నగా చేసి నొక్కడమే.

ఆన్ చేశాక వెంటనే ఆపెయ్యకండి. ఇది ముఖ్యంగా డీడీఆర్5, అంటే కొత్త తరం ర్యామ్ ఉన్నవాళ్ళకి. కొత్త ర్యామ్ పడగానే బోర్డు దాన్ని ఏ స్పీడులో, ఏ టైమింగ్‌తో నడపాలో తనే పరీక్షలు చేసి తేల్చుకుంటుంది, మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆ పని జరుగుతున్నంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, డీడీఆర్5లో మొదటిసారి కొన్ని నిమిషాలు కూడా పట్టచ్చు, మధ్యలో ఒకట్రెండు సార్లు తనే ఆగి తనే లేవచ్చు. మనం ముప్పై సెకన్లు చూసి ఓపిక పట్టలేక బటన్ నొక్కి ఆపేస్తాం, మళ్ళీ ఆన్ చేస్తే పాపం అది మళ్ళీ మొదట్నుంచి. చార్జర్ పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి, వెళ్ళి టీ తాగి రండి. మధ్యలో కరెంటు పోయినా గొడవ లేకుండా బ్యాటరీ తగిలించే ఉంచండి.

అప్పటికీ రాకపోతే, ఒక్కోటి ఒక్కో స్లాట్‌లో

రెండు ర్యాములు రెండు స్లాట్లు అంటే నాలుగు పరీక్షలు: పాతది ఒకటో స్లాట్, పాతది రెండో స్లాట్, కొత్తది ఒకటో స్లాట్, కొత్తది రెండో స్లాట్. ప్రతిసారీ బ్యాటరీ ఊడదీసే చెయ్యాలి, విసుగే, కానీ ఇరవై నిమిషాల పని. కాగితం మీద రాసుకున్నారంటే జబ్బు పేరు అదే చెప్తుంది. కొత్తది ఎక్కడ పెట్టినా రాకుండా, పాతది ఎక్కడ పెట్టినా వస్తుంటే కొత్త ర్యామ్ తిరిగిచ్చెయ్యండి. ఏది పెట్టినా రెండో స్లాట్‌లో రాకపోతే స్లాట్ గొడవ. విడివిడిగా అన్నీ పనిచేసి, రెండూ కలిపితేనే రాకపోతే వాటిద్దరికీ పడట్లేదని, బయోస్ (విండోస్ కంటే ముందు లేచి అన్నిటినీ లేపే బోర్డు మీది ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో కొన్నిసార్లు కుదురుతుంది. ఇలా రాకపోవడానికి వేర్వేరు కంపెనీలవి కావడమే కారణం అని షాపులో అంటారు, నేను పెద్దగా నమ్మను, రకం ఒకటే అయితే కంపెనీ వేరైనా ఎక్కువశాతం నడుస్తాయి, 2666 స్పీడుది 3200 దాని పక్కన పెడితే రెండూ తక్కువ స్పీడుకి దిగొచ్చి నడుస్తాయి.

కొన్నింట్లో ఒక ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాట్ ఒక్కటే. అప్పుడు స్లాట్ ఖాళీగా పెట్టి ఆన్ చేసి చూస్తే సరిపోతుంది. పూర్తిగా అతికించేసినవీ ఉన్నాయి, ఎల్‌పీడీడీఆర్ అని రాసుంటే చాలావరకు అంతే, వాటికి ర్యామ్ పెంచే దారే లేదు.

ఈ పరీక్షలు చేసేటప్పుడు లైట్ల మీద ఒక కన్నేసి ఉంచండి, స్క్రీన్ రాకపోయినా ల్యాప్‌టాప్ లైటుతో మనతో మాట్లాడుతూనే ఉంటుంది. డెల్ మోడల్స్‌లో చాలావాటికి బ్యాటరీ లైటు 2 సార్లు నారింజ, 3 సార్లు తెలుపు వెలిగితే ర్యామ్ కనపడట్లేదని, 2 నారింజ 4 తెలుపు అయితే ర్యామ్ పాడైందని, 2 నారింజ 5 తెలుపు అయితే దీనికి నప్పని ర్యామ్ వేశారని. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు 3 సార్లు పొడుగ్గా 2 సార్లు పొట్టిగా వెలిగితే మెమరీ దగ్గర ఆగిపోయిందని అర్థం. ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా లెక్కపెట్టుకోండి, కళ్ళతో లెక్కపెడితే తప్పుతుంది.

కొత్తదాని మీద స్టిక్కర్ చదివారా?

ఇది నాకు జరిగింది కాబట్టి చెప్తున్నా. కొన్నేళ్ళ కిందట మా అక్కయ్య వాళ్ళ పాత ల్యాప్‌టాప్, ఇంటెల్ నాలుగో జనరేషన్‌ది, దానికి సెకండ్ హ్యాండ్ ర్యామ్ వేశా, చక్కగా కూర్చుంది, రెండు టక్‌లూ పడ్డాయి, స్క్రీన్ మాత్రం రాలేదు. పాతది ఆ హడావుడిలో పిన్నులు తుడవకుండా పెట్టేసరికి అది కూడా రాలేదు. నాకే కంగారొచ్చి ఓ షాపుకి తీసుకెళ్తే, అతను మూత తియ్యకుండానే "బోర్డు పోయింది సార్, తొమ్మిది వేలవుద్ది" అన్నాడు. ఆలోచించుకుని వస్తానని వెనక్కి తెచ్చుకుని, ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని స్టిక్కర్ చదివితే అప్పుడు వెలిగింది. నేను తెచ్చిన దాని మీద పీసీ3-12800 అని ఉంది, పాతదాని మీద పీసీ3ఎల్-12800 అని ఉంది. ఒక్క ఎల్ అక్షరం.

డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టుల మీద, డీడీఆర్3ఎల్ అయితే 1.35 వోల్టులకే నడుస్తుంది. రెండింటికీ పిన్నులు 204, కోత కూడా ఒకే చోట, అందుకే సుఖంగా కూర్చుంటుంది. కానీ ఆ తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.35 మాత్రమే ఇస్తాయి, 1.5 అడిగే ర్యామ్ ఆ కాస్త కరెంటుతో లేవలేదు. పిన్నులు తుడిచి పాతది పెడితే ల్యాప్‌టాప్ ఠంచనుగా లేచింది. తొమ్మిది వేల బోర్డు అనవసరం అయిపోయింది.

డీడీఆర్4, డీడీఆర్5 దగ్గర ఈ మోసం లేదు, డీడీఆర్4కి 260 పిన్నులు, 1.2 వోల్టులు, డీడీఆర్5కి 262 పిన్నులు, 1.1 వోల్టులు, కోతలు వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి ఒకదాంట్లో ఒకటి దూరదు. దూరట్లేదంటే నెట్టకండి, వేరే రకం తెచ్చారని అర్థం. ప్రాసెసర్ జనరేషన్ చూసి ఊహించడం కూడా ప్రమాదమే, ఇంటెల్ 12వ జనరేషన్‌లో డీడీఆర్4 మోడల్సూ ఉన్నాయి, డీడీఆర్5 మోడల్సూ ఉన్నాయి. పాతదాని స్టిక్కర్ ఫొటో తీసుకుని షాపుకి వెళ్ళడం అన్నిటికంటే సుళువు. ఎంత జీబీ దాకా పడుతుందో కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి చూడండి, రెండు స్లాట్లున్న ఇంటెల్ నాలుగో జనరేషన్ వాటికి మొత్తం 16, అంటే స్లాట్‌కి 8 దాటి పట్టదు, 16 జీబీ ర్యామ్ ఒకటి తెచ్చి పెడితే నల్ల స్క్రీనే.

బయోస్, ఆ 48 అంకెలు

లోగో వచ్చిందంటే బయోస్‌లోకి వెళ్ళి మొత్తం ర్యామ్ ఎంత చూపిస్తోందో చూడండి, డెల్, ఏసర్, ఏసస్ అయితే ఆన్ చెయ్యగానే ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోలో ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ. అక్కడ లోడ్ డిఫాల్ట్స్ అని ఉంటుంది, అది కొట్టండి, గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే అదీ ఆపెయ్యండి. పాత ర్యామ్‌తో ల్యాప్‌టాప్ నడుస్తోందంటే బయోస్ అప్‌డేట్ చెయ్యడానికి అదే మంచి సమయం, చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మాత్రమే, మధ్యలో ఆగిపోతే ర్యామ్ గొడవ కాస్తా నిజంగా బోర్డు గొడవ అవుతుంది.

బోర్డు మీద గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటే, మామూలుగా సీఆర్2032, దాన్ని ఐదు నిమిషాలు తీసి పెట్టినా కొన్ని మోడల్స్‌లో బయోస్ మొదటికొస్తుంది, తేదీ టైము తప్పుతాయి, అవి సరిచేసుకోండి. కానీ బయోస్‌ని ముట్టుకునే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) కీ దగ్గర పెట్టుకోండి. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ లాక్ అయి ఉండటం మనకే తెలీదు, బయోస్‌లో ఏదైనా మారితే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే డివైజెస్ కింద ఆ కీ ఉంటుంది. కాలేజీదో ఆఫీసుదో ల్యాప్‌టాప్ అయితే కీ వాళ్ళ దగ్గరుంటుంది, అసలు దాన్ని విప్పే ముందే వాళ్ళని అడగండి.

లేచాక

లేవగానే సంబరపడి మూత బిగించెయ్యకండి. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి, ఎన్ని జీబీ, ఎంత స్పీడు, ఎన్ని స్లాట్లు వాడుతోంది అన్నీ అక్కడే ఉంటాయి. 16కి బదులు 15.8 అలా చూపిస్తే కంగారు లేదు, గ్రాఫిక్స్‌కి కొంత పక్కన పెట్టుకుంటుంది, రైజెన్ వాటిలో ఆ భాగం ఇంకాస్త ఎక్కువే ఉండచ్చు. ఎంత వేసినా మూడు చిల్లర జీబీ దగ్గరే ఆగిపోతే మీది 32 బిట్ విండోస్ అయ్యుంటుంది.

తర్వాత సెర్చ్‌లో విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ అని కొట్టి ఒకసారి నడపండి. అది పైపైన చూస్తుంది, నీలం స్క్రీన్లు వస్తున్నవాళ్ళు మాత్రం మెమ్‌టెస్ట్86 ని పెన్ డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున్నే చూస్తే ఎర్రగా ఒక్క ఎర్రర్ ఉన్నా ఆ ర్యామ్ పనికిరాదు. ఒకటే కదా పర్లేదు అనుకోవద్దు, ఆ ఒకటీ మీ ప్రాజెక్ట్ ఫైల్ మీదే పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా పాత ర్యామ్‌తో సైతం లేవకపోతే అప్పుడు షాపుకి వెళ్ళండి, గవర్నర్‌పేట వైపో, గుంటూరులో అయితే అరండల్‌పేట వైపో మీకు నమ్మకమున్న మనిషి దగ్గరికి. వెళ్ళినప్పుడు "ఆన్ అవ్వట్లేదు" అని ఒక్క మాట చెప్పి వదిలెయ్యకుండా మీరు రాసుకున్న కాగితం చూపించండి, ర్యాములు రెండూ తీసుకెళ్ళండి, వాళ్ళ దగ్గర పనిచేస్తున్న ర్యామ్ ఒకటి పెట్టి మీ ఎదురుగానే చూడమనండి. అది రెండు నిమిషాల పని, అది చెయ్యకుండా బోర్డు పోయిందన్నవాళ్ళ దగ్గర నేనైతే నిలబడను. వదిలేసి రావాల్సి వస్తే డిస్క్, ర్యామ్ వివరాలు రసీదు మీద రాయించుకోండి.

మా వాడి ల్యాప్‌టాప్ రాత్రి పన్నెండింపావుకి లేచింది. పొద్దున్నే మెసేజ్ పెట్టాడు, "16 చూపిస్తోంది మావయ్యా, కానీ ఒక స్క్రూ మిగిలింది, ఎక్కడిదో తెలీట్లేదు" అని. స్క్రూలు ఎందులో పెట్టావురా అంటే, "జేబులో" అన్నాడు.